వెన్న, క్రీమ్ లేకుండా చిక్కటి కూరగాయల సూప్: బ్రిటన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళకి

కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి ఈమధ్య చదువుకోడానికి వచ్చినవాళ్ళలో పాలు, పెరుగు కూడా మానేసి వీగన్‌గా ఉంటున్నవాళ్ళు కొందరున్నారు. ఇది వాళ్ళకోసం. మొన్న ఒక కందుకూరు అబ్బాయి క్యాంటీన్‌లో వెజిటబుల్ సూప్ సగం తాగాక, అందులో క్రీమే కాదు, చికెన్ స్టాక్ (కోడిని ఉడికించిన నీళ్ళు) కూడా ఉందని తెలిసి లేచిపోయాడు. ఆ రాత్రి ఇంకేమీ తినలేదు. నా మొదటి చలికాలమూ ఇలాగే గడిచింది. నాలుగింటికే చీకటి పడేది. వేడిగా ఏదైనా గొంతులో పడితే బాగుండనిపించేది కానీ ఏది తాగొచ్చో చెప్పేవాళ్ళు లేరు. బ్రెడ్డు, అరటిపళ్ళతో నెట్టుకొచ్చాను.

అందుకే ముందు స్టాక్ క్యూబ్ సంగతి, అంటే సూప్‌లో రుచికోసం వేసే చిన్న ముక్క. ఇక్కడి చట్టం ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల పేర్లు ప్యాకెట్ మీద కొట్టొచ్చినట్టు కనపడాలి. మామూలుగా బోల్డ్ అక్షరాల్లో వేస్తారు. పాలు, గుడ్డు, చేప ఆ జాబితాలో ఉన్నాయి, కోడి లేదు. బోల్డ్ అక్షరాలు మాత్రమే చూసి బుట్టలో వేసుకుంటే చికెన్ కొవ్వు మీ కంటపడదు. మొత్తం చదవండి. అక్షరాలు చిన్నవైతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దవి చేసుకుని చదవండి. వే పౌడర్, కేసీన్, లాక్టోజ్ మూడూ పాలనుంచి వచ్చేవే. లాక్టోజ్ ఫ్రీ పాలు కూడా ఆవుపాలే. ‘మే కంటెయిన్ మిల్క్’ అంటే మాత్రం పాలు కలిపారని కాదు, తయారీలో ఎక్కడైనా తగిలి ఉండొచ్చని. క్యాంటీన్‌లో గిన్నెలోంచి పోసే సూప్‌కి లేబుల్ ఉండదు కదా, అడగాలి. వెనక ఎంత క్యూ ఉన్నా అడగాలి. మొహమాటపడితే ఆకలితో పడుకునేది మీరే. అలర్జీ పదార్థాల గురించి వాళ్ళు చెప్పి తీరాలి. స్టాక్ దేనిదో మాత్రం మీరే విడిగా అడగండి.

ఇంట్లో చేసుకుంటే ఈ టెన్షనే లేదు. వెన్న బదులు నూనె, క్రీమ్ బదులు జీడిపప్పు. వేటపాలెం నుంచి తెచ్చుకున్న పప్పులో విరిగిన ముక్కలైనా చాలు. ఇద్దరికి గుప్పెడు పప్పు వేడినీళ్ళలో అరగంట నానేసి మెత్తగా రుబ్బండి. ఎర్రగడ్డ, తెల్లగడ్డలు మగ్గించి, కాలీఫ్లవర్, కారెట్, ఒకే ఒక్క ఉర్లగడ్డ వేసి, నీళ్ళు పోసి, చూసి కొన్న స్టాక్ క్యూబ్ వేసి మెత్తగా ఉడికించండి. ఉర్లగడ్డలు ఎక్కువేసి మిక్సీ తిప్పితే సూప్ జిగురుగా సాగుతుంది. వేడి సూప్‌తో జార్ నిండా నింపి మూత బిగించొద్దు, ఆవిరికి మూత ఎగిరి ఒళ్ళు కాలుతుంది. చల్లారనిచ్చి సగం సగంగా తిప్పండి. తర్వాత జీడిపప్పు ముద్ద కలిపి, చిన్న మంట మీద ఒక్క ఉడుకు రానిచ్చి, మిరియాలపొడి చల్లి దించేయండి. ఊరినుంచి తెచ్చిన మిక్సీ ఇక్కడా పనిచేస్తుంది, ప్లగ్ అడాప్టర్ ఒకటి ఉంటే చాలు.

సోయా పాలు వాడేవాళ్ళు ‘అన్‌స్వీటెన్డ్’ అని ఉన్నదే కొనండి. టమాటా పులుపు, వేడి కలిస్తే అవి విరుగుతాయి కాబట్టి పొయ్యి కట్టేశాక కలపండి. కొబ్బరిపాలు గుమ్మడికాయ సూప్‌కి బాగుంటాయి, మిగతావాటిలో కొబ్బరి రుచే పైకొస్తుంది.

ఒకే వంటగది నలుగురు వాడుకునే ఇంట్లో ఉంటే, జీడిపప్పు డబ్బా తెరిచేముందు ఎవరికైనా నట్ అలర్జీ ఉందేమో కనుక్కోండి. ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం, అశ్రద్ధ చేస్తే నేను ఊరుకోను. ఉందంటే రెండు చెంచాల ఓట్స్ వేసి ఉడికించినా చిక్కబడుతుంది.

వీగన్‌గా ఉంటే బీ12 విటమిన్ కోసం మాత్రో, బీ12 కలిపిన ఆహారమో తప్పదు. బీ12 కలిపిన సోయా పాలు దొరుకుతాయి, ఆర్గానిక్ వాటిలో తరచుగా కలపరు.

ఇంత చెప్పానని భయపడకండి. సరిపడే క్యూబ్ ఒక్కటి దొరికాక ప్రతిసారీ ఇంత వెతుకులాట ఉండదు. సరే, ఒప్పుకుంటాను, ఇది పప్పుచారు కన్నా తేలికైన వంటే. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గట్టిపడుతుంది. అది పాడైనట్టు కాదు, కాసిని నీళ్ళు పోసి వేడి చేసుకోండి.