పొగ మానే పాఠాలు - 3: నాలుక పీకుతున్నప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? వారం పాటు కాల్చిన ప్రతి సిగరెట్టూ ఏ టైముకి, ఎక్కడ, ఎవరితో కాల్చారో ఒక కాగితం మీద రాసి, ఆ కాగితం ప్యాకెట్టులోనే పెట్టుకోమన్నాను. రాయనివాళ్లు ఇక్కడే ఆగి ముందు ఆ పని చేసుకు రండి. నాకేం కోపం లేదు, మొదటిసారి నేనూ రాయలేదు, పైగా రాసినట్టు, కలిసి మానుదామనుకున్న మా జట్టులో అబద్ధం చెప్పాను. రెండోసారి నిజంగా రాస్తే తేలిందేమిటంటే, రోజుకి పన్నెండు కాల్చే నాకు అందులో ఒళ్లు అడిగినవి నాలుగైదే. మిగతావి టీ గ్లాసు అడిగినవి, పక్కవాడు అగ్గిపుల్ల గీస్తే వెలిగినవి, బస్సు లేటయితే వెలిగినవి.

ఈ పాఠం ఆ మిగతావాటి గురించే.

నేను మూడుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. మూడుసార్లూ 41 రోజులు ఒక్క దమ్ము కొట్టలేదు, పెద్ద కష్టం కూడా అనిపించలేదు. మూడోసారి శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీశాక, ఇంకా ఇంటికి చేరకుండానే బడ్డీకొట్టు దగ్గర ఆగి ఒక లూజు కొన్నాను. చాలా రోజులు దీన్ని నా బలహీనత అనుకున్నాను. తర్వాత లెక్క తెలిసింది: ఒంట్లో చేరిన నికోటిన్ దాదాపు రెండు గంటలకి సగం అవుతుంది, కొద్ది రోజుల్లో మొత్తం పోతుంది. మానినప్పుడు వచ్చే చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి, పని మీద మనసు నిలవకపోవడం, ఇవన్నీ మొదటి మూడు రోజుల్లో బాగా ముదిరి, చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. అంటే 41వ రోజుకి నా ఒంటికి సిగరెట్టుతో పనే లేదు!

మరి ఎందుకు వెలిగించాను? దీక్షలో పొద్దున్నే లేపే గురుస్వామి ఉన్నాడు, సాయంత్రం భజన ఉంది, ఎదురుపడిన ప్రతివాడూ స్వామీ అనే పిలిచేవాడు, నేను ఎదురుగా నిలబడితే బడ్డీకొట్టతను సిగరెట్ల డబ్బా వైపు చెయ్యి కూడా పెట్టేవాడు కాదు. మాల తీసిన రోజే ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి. ఇంటిపేరుతో పిలిచే పాత దోస్తులూ, పాత టీ కొట్టూ మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. 41 రోజులు నన్ను ఆపింది భక్తి కాదని అనను గానీ, సగానికి పైగా ఆపింది చుట్టూ ఉన్న మనుషులే అని నా నమ్మకం. ఆ మనుషుల్ని మాల లేకుండా తయారు చేసుకోవడమే మనం నేర్చుకునే విద్య.

పెద్ద గుంపు అక్కర్లేదు, ముగ్గురు చాలు. మానాలనుకునేవాళ్లో, ఇప్పటికే మానినవాళ్లో అయితే మంచిది. ఇంట్లోవాళ్లని ఈ జట్టులో పెట్టొద్దని నా సలహా, వాళ్లు ప్రేమతోనే అడిగినా మనకి పోలీసు ప్రశ్నలా వినిపిస్తుంది. మా జట్టులో నేను, ఒక బస్సు డ్రైవరు తమ్ముడు, రిటైరైన ఒక బ్యాంకు ఆయన. గ్రూపులో దండం బొమ్మలు పెట్టుకోవడం మాకు ఎందుకూ పనికి రాలేదు. పనికొచ్చింది ఫోన్.

ఎందుకంటే నాలుక పీకడం అనేది అలలా వస్తుంది, ఎంత గట్టిగా వచ్చినా సాధారణంగా కొద్ది నిమిషాలే, అయిదు నిమిషాలు దాటించగలిగితే చాలాసార్లు దానంతటదే దిగిపోతుంది. ఫోన్ చేసేది ఆ అయిదు నిమిషాలు గడపడానికే. చేసేవాడు మూడే చెప్పాలి: ఎక్కడున్నాడు, ఇంకా వెలిగించాడా లేదా, సిగరెట్టు చేతికి అందేంత దూరంలో ఉందా. అంతే, సంజాయిషీ అవసరం లేదు.

అసలు కష్టం ఎత్తేవాడిది. డ్రైవరు తమ్ముడు మొదటిసారి నాకు ఫోన్ చేసి, "అన్నా, డిపో బయట ఉన్నా, ఇంకా ముట్టించలే, జేబులో ఒకటుంది" అన్నాడు. నేను ఊపిరితిత్తులు, క్యాన్సరు, చివరికి వాళ్ల పాప భవిష్యత్తు దాకా వెళ్లాను. "సరే అన్నా" అని పెట్టేశాడు. మర్నాడు చెప్పాడు, రెండు కాల్చాడట: ఒకటి నాలుక పీకినందుకు, రెండోది నా మాటలకి. అతనికి క్యాన్సరు సంగతి తెలియదా? ప్యాకెట్టు మీద 85 శాతం ఆ హెచ్చరికే కదా!

బ్యాంకు ఆయన పద్ధతి వేరు. "ఏం తిన్నావయ్యా పొద్దున?" అంటాడు. "ఆ కొట్టు దాటి నాలుగడుగులు వెయ్యి, ఫోన్ పెట్టకు" అంటాడు. తర్వాత ఆయన మోకాళ్ల నొప్పుల కథ మొదలవుతుంది, అది అయిదు నిమిషాల్లో అయ్యే కథ కాదు. మనం విని విని చివరికి ఎందుకు ఫోన్ చేశామో మర్చిపోతాం. ఎత్తేవాడు చేయాల్సింది ఇదే. తిండి అడగండి, నడిపించండి, ఏదో ఒకటి మాట్లాడండి, సిగరెట్టు ఊసు మాత్రం మీరుగా ఎత్తకండి.

టీ గురించి ఒక ముక్క, ఇది చాలామందికి తెలియదు. పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ని తొందరగా ఖర్చు చేస్తుంది. పొగ మానేశాక ఆ వేగం తగ్గుతుంది కాబట్టి అవే ఆరు టీలు ఒంట్లో ఎక్కువసేపు ఉండి, గుండె దడ, టెన్షన్, నిద్ర లేకపోవడం. పాపం మనం ఇదంతా సిగరెట్టు లేనందుకే అనుకుని మళ్లీ వెలిగిస్తాం. అందుకని మొదటి వారం టీ, కాఫీ సగానికి తగ్గించండి. కొట్టు కూడా మార్చండి.

నికోటిన్ గమ్ (సిగరెట్టు బదులు కొద్దిగా నికోటిన్ అందించే నమిలే మందు) వాడేవాళ్లు దాన్ని బబుల్‌గమ్‌లా నమలకండి, మెల్లగా నమిలి, నోరు చురుక్కుమనగానే చెంపకీ చిగుళ్లకీ మధ్య పెట్టి ఉంచాలి. గమ్ వేసుకునే ముందు పావుగంట టీ తాగొద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడగకుండా వాడొద్దు. జట్టు ఇంకా కుదరనివాళ్లకి ప్యాకెట్టు మీదే ఒక నంబరు ఉంటుంది చూడండి, 1800-11-2356, కేంద్ర ఆరోగ్య శాఖది, ఉచితం. తెలుగులోనూ మాట్లాడతారు.

ఈ వారం పని: నాలుక పీకనప్పుడే, హాయిగా ఉన్నప్పుడే, మీ ముగ్గురూ ఒకరికొకరు ఒక్కో ఉత్తుత్తి ఫోన్ చేసుకోండి. నవ్వొస్తుంది, రానివ్వండి. మొదటి ఫోనే నిజం ఫోన్ అయితే సిగ్గుతో చెయ్యం, నేను చెయ్యలేదు. వచ్చే పాఠంలో జట్టులో ఒకడు కాల్చేసి చెప్పకుండా దాస్తే ఏం చేయాలో చూద్దాం. పాత కాగితం పారేయకండి, దానితో పని ఉంది.