సూపర్‌పెసిస్ మ్యాచ్‌కి వెళ్తున్నారా? క్రికెట్ కళ్లద్దాలు ఇంట్లో పెట్టి వెళ్లండి

పెసాపల్లో అంటే ఫిన్లాండ్ బేస్‌బాల్, దాని టాప్ లీగే సూపర్‌పెసిస్. మే నుంచి సెప్టెంబర్ దాకా ఆడతారు. టాంపెరే నగరంలో ఉంటే మాన్సే పీపీ జట్టు ఎలాగూ ఉంది, కానీ వీలైతే వింపెలి వెళ్లండి. సుమారు 3 వేల జనాభా ఉన్న ఊరు, మ్యాచ్ రోజున ఊరంతా గ్రౌండ్‌లోనే ఉందా అనిపిస్తుంది.

సీటు హోమ్ బేస్ వెనకాలే, అంటే బ్యాటర్ నిలబడే చోటు వెనక చూసుకోండి, ఎందుకంటే అసలు తమాషా అంతా అక్కడే. పిచర్, అంటే బంతి వేసేవాడు, దూరం నుంచి విసరడు, బ్యాటర్ పక్కనే నిలబడి బంతిని నిలువుగా, తన తలకి కనీసం మీటరు పైకి ఎగరేస్తాడు. బిళ్ళంగోడు ఆడినవాళ్లకి వెంటనే ఎక్కుతుంది: గాల్లోంచి దిగుతున్నదాన్ని కొట్టడం పెద్ద విషయం కాదు, ఎటు పంపాలన్నదే విషయం.

బలంగా కొడితే గొప్పేం కాదు. బంతి నేలకి తగలకుండా నేరుగా మైదానం హద్దు గీత అవతల పడితే ఫౌల్. నేను మొదటిసారి అలాంటి దెబ్బ చూసి సిక్సర్ అనుకుని లేచి చప్పట్లు కొట్టాను, స్టాండ్ మొత్తంలో నేనొక్కణ్ణే.

ఇంకో తికమక, క్యాచ్ పట్టినా ఔట్ కాదు. బ్యాటర్ 'గాయపడ్డట్టు' లెక్క, పరుగు తీస్తున్నవాళ్లు కూడా అంతే, మైదానం వదిలి వెళ్లిపోతారు, ఔట్ల లెక్కలో మాత్రం చేరరు. బంతి వాళ్లకంటే ముందు బేస్‌కి, అంటే వాళ్లు పరిగెత్తి చేరాల్సిన చోటుకి, చేరితేనే ఔట్, అలాంటివి మూడైతే వంతు మారుతుంది.

బేస్‌ల వరస గుండ్రంగా ఉండదు: మొదటిది ఎడమ, రెండోది కుడి, మూడోది మళ్లీ ఎడమవైపు, ఇంకాస్త దూరంగా. ఇవి దాటి హోమ్ బేస్‌కి తిరిగొస్తే ఒక పరుగు. మూడో బేస్‌లో మనిషి ఉన్నాడంటే బంతిని వదిలేసి బ్యాటింగ్ జట్టు మేనేజర్ చేతిని చూడండి. రంగురంగుల విసనకర్ర ఉంటుంది, దాన్ని విప్పి, మూసి, తిప్పి సైగలు చేస్తుంటాడు. ఏ బంతికి పరిగెత్తాలో అందులోనే ఉంటుంది, ఎదుటి జట్టు ఆ గుట్టు విప్పాలని చూస్తుంటుంది. అప్పుడే 10, 11, 12 నంబర్లవాళ్లెవరైనా బ్యాట్ పట్టుకొస్తే వాళ్లు జోకర్లు, అంటే మామూలు తొమ్మిదిమందికి అదనంగా ఉండే బ్యాటర్లు, ఇప్పుడు పరుగు కోసమే దింపారన్నమాట.

ఆట రెండు భాగాలు, ఒక్కోదాంట్లో నాలుగు ఇన్నింగ్స్. మధ్యలో సాసేజ్ క్యూ పెద్దగా ఉంటుంది, కాస్త ముందే లేవండి. స్కోరు ఎంత తేడాగా ఉన్నా మొదటి భాగం చూసి ఇంటికి మాత్రం రాకండి, రెండో భాగం సున్నా నుంచి మొదలవుతుంది, చెరొకటి గెలిస్తే విజేతను తేల్చడానికి సూపర్ ఇన్నింగ్స్ అనే అదనపు ఇన్నింగ్స్ ఆడిస్తారు. సాయంత్రం మ్యాచైతే జూన్‌లోనైనా సరే స్వెట్టర్ తీసుకెళ్లండి.