ఐఐటీలో సీఎస్‌ఈ కావాలా? జోసా ఆప్షన్లు ఇలా పెట్టండి

జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వచ్చాక అసలు టెన్షన్ జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్) ఆప్షన్ల దగ్గర మొదలవుతుంది. 23 ఐఐటీలతో పాటు జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఇచ్చే ఎన్‌ఐటీ సీట్లూ ఇక్కడే భర్తీ చేస్తారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, బిట్స్ మాత్రం ఇందులో లేవు, వాటికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

ముందు కాగితాలు సర్దుకోండి. బీసీ సర్టిఫికెట్ ఉందిగా అని ఊరుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చిన ఓబీసీ-ఎన్‌సీఎల్ (క్రీమీలేయర్ కాని ఓబీసీ) సర్టిఫికెట్ ఉండాలి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడినవారి) సర్టిఫికెట్‌కీ అదే తేదీ. ఎన్‌ఐటీల్లో సొంత రాష్ట్రంవాళ్లకు విడిగా సీట్లు (హోమ్ స్టేట్ కోటా) ఉంటాయి. సొంత రాష్ట్రం అంటే ఇంటర్ పాసైన రాష్ట్రం. గుంటూరు అబ్బాయి హైదరాబాద్‌లో ఇంటర్ పాసైతే అతనికి హోమ్ స్టేట్ కోటా వరంగల్లోనే, తాడేపల్లిగూడెంలో కాదు. ఐఐటీల్లో ఈ కోటాయే లేదు.

తర్వాత జోసా సైట్లో కిందటేడు చివరి రౌండు క్లోజింగ్ ర్యాంకులు (సీటొచ్చిన ఆఖరి ర్యాంకులు) చూడండి. ఐఐటీ బాంబే సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) ఓపెన్‌లో, అంటే రిజర్వేషన్ లేని సీట్లలో, 70 లోపే ముగుస్తోంది. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ వరుసల్లో ఉండేవి కేటగిరీ ర్యాంకులు. అమ్మాయిలు ‘ఫిమేల్ ఓన్లీ’ వరుస కూడా చూసుకోవాలి.

ఇక ఆప్షన్లు. “మన ర్యాంకుకి అది రాదులే, పైన పెట్టి ఎందుకు వేస్ట్ చేయడం?” అని చాలా ఇళ్లలో వినబడే మాటను పట్టించుకోకండి. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరి జాబితానూ పైనుంచి చూస్తుంది. ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. మీరు ఐదో ఆప్షన్‌గా పెట్టిన సీటును, దాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టిన, ర్యాంకులో మీ వెనక ఉన్నవాళ్లు అదే కోటాలో మీకంటే ముందు తన్నుకుపోలేరు. 3,000 ర్యాంకువాళ్లు బాంబే సీఎస్‌ఈ మొదట పెట్టినా పోయేదేమీ లేదు. కాబట్టి ఇష్టమే వరుస, క్లోజింగ్ ర్యాంకులు జాబితా ఎంతవరకు సాగదీయాలో చెప్పడానికే.

అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. కొత్త ఐఐటీలో సీఎస్‌ఈయా, పాత ఐఐటీలో వేరే బ్రాంచా? కోడింగ్ మీద నిజంగా మక్కువ ఉంటే నేనైతే బ్రాంచే చూడమంటాను. చేరాక మారొచ్చులే అనుకోవద్దు, కొన్ని ఐఐటీలు బ్రాంచి మార్పు ఎత్తేశాయి. మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ ఉంటే సీఎస్‌ఈ పక్కనే పెట్టండి.

మాక్ అలాట్‌మెంట్ (నమూనా సీట్ల కేటాయింపు) చూసి, వరుస సరిచేసి, లాక్ చేయండి.

సీటొచ్చాక ఫీజు కట్టి మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఇదే చాలంటే ఫ్రీజ్. అదే కాలేజీలో పై ఆప్షన్ బ్రాంచి కోసం స్లయిడ్. ఏ కాలేజీలోనైనా పై ఆప్షన్ కావాలంటే ఫ్లోట్. పైది వస్తే పాతది దానంతటదే పోతుంది, వెనక్కి అడిగినా ఇవ్వరు. అందుకే చేరే ఉద్దేశం లేని కాలేజీని మొహమాటానికి కూడా పైన పెట్టకండి.

ఫీజు కట్టాక పోర్టల్ వదిలేయొద్దు. డాక్యుమెంట్లలో తేడా ఉంటే క్వెరీ పెడతారు, గడువులోగా జవాబివ్వకపోతే సీటు రద్దు. నెట్ సెంటర్లో దరఖాస్తు చేయించుకున్నా సరే, పాస్‌వర్డ్, ఫోన్ నంబరు మీవే ఉండాలి.