మలంలో రక్తం పడుతుంటే మొలలని వదిలేయకండి: తిరుపతి, చిత్తూరు వాళ్లకి

మలంలో రక్తం కనిపించిందని ఇంట్లో చెబితే "మొలలే, వేడి చేసుంటుంది, మజ్జిగ తాగు" అంటారు. మొలలే కావచ్చు కూడా. కానీ రక్తంతో పాటు జిగురు పడుతూ, విరేచనాలు నాలుగు వారాలు దాటి, అర్ధరాత్రి నిద్రలోంచి లేపి మరీ పరుగెత్తిస్తుంటే, మందుల షాపులో అడిగి మాత్రలు మింగడం ఆపి గ్యాస్ట్రో (జీర్ణకోశ) డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చి ఏళ్ల తరబడి ఉండే క్రోన్స్ జబ్బో, పెద్దపేగుకి వచ్చే అల్సరేటివ్ కొలైటిస్సో కావచ్చు. తిరుపతిలో స్విమ్స్ ఉంది, చిత్తూరు వాళ్లకి వేలూరు సీఎంసీ దగ్గర.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి: పగలు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, ఏమేం మాత్రలు వాడారు, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ వాడుతుంటే దాచొద్దు, అలాంటివి పేగుల వాపుని ఎక్కువ చేయగలవు.

సాధారణంగా ముందు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయిస్తారు. గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే పేగులో వాపు ఉండే అవకాశం తక్కువ, 250 దాటితే మాత్రం కొలనోస్కోపీకి, అంటే మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి పెద్దపేగు చూసే పరీక్షకి సిద్ధపడండి. దానికోసం లీటర్ల కొద్దీ ఉప్పుప్పగా ఉండే మందు నీళ్లు తాగాలి. చిత్తూరులో అది తాగేసి వేలూరు బస్సెక్కే సాహసం వద్దు, ముందురోజే వెళ్లి బాత్రూమ్ ఉన్న రూమ్ తీసుకోండి.

అన్నిటికన్నా గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇది: "ఇది క్రోన్స్ జబ్బా, పేగుల టీబీనా?" రెండూ ఎక్కువగా చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటే పుండ్లు చేస్తాయి, కెమెరాలో కూడా ఒకలాగే కనిపిస్తాయి. టీబీ ఉన్నవాళ్లకి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే టీబీ ముదురుతుంది. అందుకే పరీక్ష కోసం పేగులోంచి తీసిన చిన్న ముక్కకి (బయాప్సీ) టీబీ పరీక్ష కూడా చేశారా అని అడగండి. ఎటూ తేలకపోతే డాక్టర్లు ముందు టీబీ మందులిచ్చి, రెండు మూడు నెలలకి పుండ్లు మానాయో లేదో మళ్లీ చూస్తారు. విసుగే, కానీ ఓపిక పట్టాల్సిందే. ఈ జబ్బులకి వాడే, రోగనిరోధక శక్తిని అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఇంజెక్షన్ల ముందు కూడా టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు తప్పనిసరి.

అల్సరేటివ్ కొలైటిస్ అని తేలితే, జబ్బు మరీ తీవ్రంగా లేనప్పుడు పేగు వాపు తగ్గించే మెసలమైన్ అనే మందుతోనే మొదలుపెడతారు. మాత్ర నమలకుండా, విరగ్గొట్టకుండా మింగాలి. కింది భాగంలో పుండ్లుంటే మలద్వారం నుంచి ఎక్కించే మందు కూడా ఇస్తారు, సిగ్గుపడి మానేస్తే నష్టపోయేది మనమే. స్టెరాయిడ్ కొన్ని వారాల మందు మాత్రమే, ఏళ్ల తరబడి వాడేది కాదు. అలాగని సొంతంగా ఒక్కసారే ఆపినా ప్రమాదమే, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. రక్తం ఆగింది కదా అని మెసలమైన్ మానేసేవాళ్లు చాలామంది, జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా అక్కడే.

తిండి సంగతికొస్తే, అందరికీ పనికొచ్చే పథ్యం అంటూ లేదు. మీకు ఏది పడదో రాసుకుని అది తగ్గించండి. పేగు సన్నబడిందని చెప్పినవాళ్లు మాత్రం పీచు, గింజల విషయంలో డాక్టర్ని అడిగి తినండి.

రోజుకి ఆరుసార్లో అంతకన్నా ఎక్కువో రక్తంతో విరేచనాలై, జ్వరం గానీ గుండె దడ గానీ ఉంటే ఆసుపత్రిలో చేరాల్సిందే. విరేచనాలు ఆగే మాత్ర వేసుకుని తెల్లారాక చూద్దాంలే అని పడుకోవద్దు, అలాంటప్పుడు ఆ మాత్రలతో పెద్దపేగు ఉబ్బి ప్రాణం మీదికి రావచ్చు.