టీఎల్‌సీలో మచ్చ పైకి పాకిందా? ముందు ప్లేటును అనుమానించండి

టీఎల్‌సీ అంటే సారంలోని పదార్థాలను సిలికా పూత ప్లేటు మీద సాల్వెంటుతో పైకి పాకించి, మచ్చలుగా విడదీసి గుర్తుపట్టే పరీక్ష. వానలు మొదలయ్యాక ఏటా ఇదే గొడవ. నేలవేము ఆకు సారాన్ని సిలికా ప్లేటు మీద పెట్టి క్లోరోఫాం, మెథనాల్ 7:1లో నడిపితే, ఆండ్రోగ్రాఫోలైడ్ (నేలవేములోని ముఖ్యమైన చేదు పదార్థం) మచ్చ ఉండాల్సిన చోట ఖాళీ. కాస్త పైన మాత్రం ఏదో మచ్చ. వెంటనే రిజిస్టర్లో "సరుకు తేడా" అని రాసేస్తారు.

ఆగండి. అదే ప్లేటు మీద పక్కన ఆండ్రోగ్రాఫోలైడ్ స్టాండర్డు, అంటే పోల్చుకోవడానికి ఉంచుకునే శుద్ధ పదార్థం, పెట్టారా? గుర్తింపు పక్కాగా ఉన్న ఆకు సారం పెట్టారా? లేక ఫిబ్రవరిలో నడిపిన ప్లేటు ఫోటో ఫోన్లో తెరిచి పోలుస్తున్నారా? చాలామంది చేసేది ఈ చివరిదే. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

స్టాండర్డు కూడా పైకి పాకితే తప్పు ప్లేటుది. స్టాండర్డు తన చోటే ఉండి, మీ సారంలో మాత్రం ఆ మచ్చ లేకపోతే అప్పుడు సరుకు సంగతి చూడండి.

ప్లేటు తప్పంటే తేమ. సిలికా పైపొర గాలిలోని నీటిని పట్టేస్తుంది. మూలికలోని పదార్థాలు పట్టుకోవాల్సిన చోట్లు నీటితో నిండిపోతే వాటికి పట్టు దొరకదు, సాల్వెంటుతో పాటు పైకి పోతాయి. ఆగస్టులో విజయవాడ గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

"ప్లేటు 110 డిగ్రీల్లో అరగంట కాల్చాం కదండీ" అంటారు. నేనూ అలాగే అనుకుని దెబ్బ తిన్నాను. ఓవెన్‌లోంచి తీసి, బల్ల మీద పెట్టి, ఒక్కో మచ్చా ఆరబెట్టుకుంటూ పావుగంట కూర్చుంటే, కాల్చి పోగొట్టిన తేమంతా మళ్లీ ఎక్కేస్తుంది. ఏసీ గదిలో చల్లబడ్డ ప్లేటును బయటి గాలిలోకి తెస్తే ఇంకా ఘోరం, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమర్చుతుంది. అలా ఓ వానాకాలం మూడు బస్తాల నేలవేము తిప్పి పంపాను. దాచుకున్న శాంపిల్‌నే జనవరిలో మళ్లీ నడిపితే మచ్చ సరిగ్గా తన చోటే కనబడింది. ఆ వ్యాపారి ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతాడు. అది మంచి నవ్వు కాదు.

కాబట్టి ప్లేటును సిద్ధం చేయాల్సింది మచ్చలు పెట్టకముందు కాదు, పెట్టాక. డెసికేటర్ (గట్టిగా మూసుకునే గాజు పాత్ర) అడుగున మెగ్నీషియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం పోయండి, అడుగున కరగని స్ఫటికాలు కనబడుతూ ఉండాలి. లోపలి తేమ 33 శాతం దగ్గర నిలబడుతుంది. మచ్చలు ఆరిన ప్లేటును అందులో అరగంటకు పైగా ఉంచి, తీసిన వెంటనే చాంబర్లోకి, అంటే ప్లేటు నడిపే సాల్వెంటు గాజు పెట్టెలోకి, దించండి. ఫోన్ వస్తే తర్వాత ఎత్తొచ్చు. చాంబర్ గోడకు ఫిల్టర్ పేపర్ పెట్టి, 20 నిమిషాల ముందే సాల్వెంట్ పోసి మూసి ఉంచాలని మీకు తెలుసు. అంచుల్లో మచ్చలు వంకరగా వస్తున్నాయంటే మానేసింది అదే.

ఇంత చేశాక కూడా మీ సారంలో ఆ మచ్చ లేకపోతే సరుకే వేరు. చిరాయత పేరుతో హిమాలయ ప్రాంతపు మొక్క కూడా అమ్ముతారు; అదీ చేదే, కానీ అందులో ఆండ్రోగ్రాఫోలైడ్ ఉండదు. నాలుకతో తేల్చకండి. మచ్చ ఉండి పలచగా ఉంటే కాడలు ఎక్కువ కలిశాయేమో చూడండి, సరుకు బలమంతా ఆకులోనే. అశోక బెరడు తెస్తే మాత్రం ప్లేటు కంటే ముందు చెట్టు గురించి అడగండి. మన కాలనీల్లో నిటారుగా పెరిగే "అశోక" నరమామిడి, మందుల అశోక వేరు.

మచ్చకు తోక వస్తే సారం ఎక్కువ పోశారు, సగం చేయండి. స్టాండర్డు కూడా కనబడకపోతే మచ్చలు కనబడేందుకు చల్లే స్ప్రే పాతబడింది, కొత్తది కలపండి. క్లోరోఫాంలో నిల్వ కోసం కలిపే ఇథనాల్ కూడా మచ్చను జరపగలదు గానీ, సీసా మారిన రోజే తేడా మొదలైతే తప్ప దాని జోలికి పోకండి.