ఆటోమేటిక్ కారుకి క్లచ్ పెట్టడం: పాలకొల్లు షెడ్డు నుంచి

డిప్‌స్టిక్ లాగి గుడ్డకి తుడిచాను. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు ఎర్రగా ఉండాలి. గుడ్డకి అంటింది పాలు ఎక్కువైన టీ రంగు. కారు తెచ్చిన మేష్టారి వైపు చూసి, "నీళ్లలో దింపారాండీ?" అన్నాను.

"లంకలో పెళ్లికెళ్లొస్తూ కాజ్‌వే దాటానయ్యా. మోకాలి లోతే. ఇంజిన్ ఆగలేదు కూడానూ."

ఇంజిన్ ఆగదు. అది గాలి పైనుంచి పీల్చుకుంటుంది. గేర్‌బాక్సు సంగతి వేరు. వేడెక్కి ఉన్నది వరద నీళ్లలో ఒక్కసారిగా మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టంలోంచి నీళ్లని లాక్కుంటుంది. ఆ నీళ్లు తగిలితే లోపలి ప్లేట్ల మీద అంటించిన లైనింగ్ ఊడిపోతుంది. మూడుసార్లు ఆయిల్ మార్చి చూశాం. డి (డ్రైవ్) లో పెడితే ఇంజిన్ అరవడమే గాని బండి కదల్లేదు. కొత్త గేర్‌బాక్సు లక్షా నలభై వేలన్నారు. కారు అమ్మినా రెండు లక్షలు రావు. "దీనికి మామూలు గేర్లు పెట్టలేవా?" అని మేష్టారే అడిగారు.

పెట్టొచ్చు. నేను ఇరవై రెండేళ్లుగా గేర్‌బాక్సులు విప్పుతున్నా, ఈ పని మాత్రం రెండుసార్లే చేశాను. ఎవరొచ్చి అడిగినా ముందు వద్దనే చెబుతాను. ఆ బండికి మాన్యువల్ మోడల్ కూడా వచ్చి ఉంటేనే ఆలోచించండి. రాకపోతే గేర్‌బాక్సు దొరికినా దాన్ని పట్టుకునే బ్రాకెట్లు, పెడల్ బిగించే చోటు, వైర్లు ఏవీ కుదరవు.

మీది ఏ రకం ఆటోమేటిక్కో కూడా చూసుకోండి. మన దేశంలో 2014లో సెలెరియోతో వచ్చిన ఏఎంటీ రకం అసలు ఆటోమేటిక్కే కాదు. లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మన కాలూ చెయ్యీ చేసే పని పైనున్న యాక్చుయేటర్ చేస్తుంది. అది పాడైతే దాన్నే బాగుచేయించుకోండి, దానికోసం బండంతా మార్చక్కర్లేదు. మేష్టారిది నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ రకం, అంటే క్లచ్‌కి బదులు ఆయిలే ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్సుకి అందించేది. దానికీ, గేర్లకి బదులు బెల్టూ పుల్లీలతో నడిచే సీవీటీకీ మొత్తం గేర్‌బాక్సు దించాల్సిందే. కారు పేరు చెప్పను, ఆ కంపెనీ షోరూం వాళ్లు మా షెడ్డు ముందు నుంచే ఇంటికెళ్తారు.

పానా పట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే. అనుమతి లేని మార్పుకి 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి ఆర్టీఓ ఆఫీసులో కాగితం పెట్టి, వాళ్ల జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకీ రాసి చెప్పండి. రేపు ఏదన్నా జరిగి క్లెయిముకి వెళ్తే, సర్వేయరు బానెట్ ఎత్తగానే అడిగేది ఇదే. మేష్టారు ఉత్తరాలు రాయడంలో ఘనులు కాబట్టి ఆ భారం నామీద పడలేదు.

ఇక సామాను. విజయవాడ ఆటోనగర్‌లో దొరక్కపోతే చెన్నై పుదుపేట. గేర్‌బాక్సు ఒక్కటీ కొనుక్కుని వచ్చారో, మిగతావాటికోసం పదిసార్లు బస్సెక్కుతారు. అదే మోడల్, అదే ఇంజిన్, వీలైతే అదే ఏడాది మాన్యువల్ బండి, యాక్సిడెంట్లో పోయినది ఒకటి వెతికి దాన్నుంచి అన్నీ విప్పించుకోండి. గేర్‌బాక్సు, ఫ్లైవీల్ (క్లచ్ బిగించే బరువైన చక్రం), ఫ్లైవీల్ బోల్టులు, మౌంటింగులు, డ్రైవ్ షాఫ్టులు రెండూ, సెల్ఫ్ మోటారు, పెడల్ సెట్టు, క్లచ్ కేబుల్, గేరు రాడ్డు దాని కేబుళ్లతో సహా, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటరు), సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ని స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ డబ్బా, తాళం చెవి. చివరి మూడూ ఒకే బండివి కావాలి. ఆ తాళంలోని చిప్ తీసి మీ తాళంలో పెట్టుకోవచ్చు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మాత్రం పాతవి వద్దు, కొత్తవే కొనండి. బిల్లు మీద ఆ బండి ఛాసిస్ నంబరు రాయించుకోండి. దొంగ బండి సామాను మీ కారులో తేలితే పోలీస్ స్టేషన్‌కి తిరగాల్సింది మీరే.

దించడం గురించి ఎక్కువ చెప్పను, గేర్‌బాక్సు దించిన ప్రతివాడికీ తెలిసిందే. బ్యాటరీ తీసెయ్యండి, ఆయిల్ దించండి, ఇంజిన్ని దూలానికి కట్టిన చైన్ కప్పీతో పట్టి ఉంచండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు మామూలు దానికంటే బాగా బరువు. టార్క్ కన్వర్టర్ అందులోంచి జారి కాళ్ల మీద పడుతుంది, దాన్ని తాడుతో కట్టేయండి.

గేర్‌బాక్సు పక్కకి రాగానే ఇంజిన్ వెనకాల రొట్టెల పెనం లాంటి పల్చటి రేకు కనిపిస్తుంది. అది ఫ్లెక్స్ ప్లేటు. దాని చోట బరువైన ఫ్లైవీల్ రావాలి. ఇక్కడ చాలామంది పాత బోల్టులే వాడేస్తారు. పల్చటి రేకుకి వేసిన బోల్టు దళసరి ఫ్లైవీల్‌కి నాలుగు చుట్లే పడుతుంది. మూడు వేల ఆర్‌పీఎంలో అది ఊడితే ఫ్లైవీల్ ఎటు పోతుందో చెప్పలేం. ఫ్లైవీల్ బోల్టులే వాడండి, ఆ మోడల్ సర్వీస్ బుక్‌లో ఉన్న టార్కుకి బిగించండి. రేకు పళ్లూ ఫ్లైవీల్ పళ్లూ సుద్దముక్కతో గుర్తు పెట్టి లెక్కపెట్టండి. లెక్క తేడా వస్తే పాత సెల్ఫ్ మోటారు పనికిరాదు. ఎలాగూ విప్పారు గనక క్రాంక్ వెనక ఆయిల్ సీలు కూడా మార్చేయండి.

తర్వాతది నేను చేసిన తప్పు. రాత్రి పదకొండయింది, కరెంటు పోయింది, ఫోను లైటులో క్లచ్ ప్లేటు పెట్టాను. ప్లేటుకి ఒకవైపు స్ప్రింగుల బొడ్డు పైకి ఉబ్బి ఉంటుంది, అది ప్రెషర్ ప్లేటు వైపుకి రావాలి. రెండోవైపు ఇంగ్లీషులో ఫ్లైవీల్ సైడ్ అని ముద్ర ఉంటుంది. నా వేలిగ్రీజు సరిగ్గా ఆ అక్షరాల మీదే పడింది. పొద్దున్న స్టార్ట్ చేస్తే, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు అన్ని గేర్లూ పడుతున్నాయి, నడుస్తుంటే ఒక్కటీ పడట్లేదు, గరగరమని అరుపు. పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ విడవట్లేదు. మళ్లీ గేర్‌బాక్సు దించాం. మా కుర్రాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మీరు మాత్రం పెట్టే ముందు ఫోటో తీసుకోండి, ప్లేటుని మధ్యకి చేర్చే సెంటరింగ్ టూలు లేకుండా ప్రెషర్ ప్లేటు బిగించకండి.

పెడల్ దగ్గర నేను భయపడినంత పని లేదు. మ్యాట్ ఎత్తి చూస్తే ఇంజిన్‌కీ మన కాళ్లకీ మధ్యనుండే రేకు గోడలో, అదే ఫైర్‌వాల్‌లో, కంపెనీ వాళ్లే కన్నం పెట్టి రబ్బరు బిళ్లతో మూసి ఉంచారు. ఆటోమేటిక్ బ్రేక్ పెడల్ వెడల్పుగా ఉంటుంది. అది తీసేసి మాన్యువల్ సెట్టు మొత్తం పెట్టాలి, లేకపోతే రెండు పెడళ్లూ ఒకే బూటు కింద పడతాయి. క్లచ్ పెడల్ పైన ఒకటి రెండు సెంటీమీటర్లు ఉత్తినే కదలాలి. ఆ మాత్రం ఆట లేకపోతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ తిరుగుతూనే ఉండి ఏడాదికల్లా పోతుంది.

వైరింగే అసలు టెన్షన్. ఆటోమేటిక్ బండి పి (పార్కింగ్) లేదా ఎన్ (న్యూట్రల్) లో ఉంటేనే సెల్ఫ్ తీసుకుంటుంది. ఆ సంగతి చెప్పే స్విచ్ పాత గేర్‌బాక్సుతో పాటే పోయింది. ఆ రెండు వైర్లూ కలిపేస్తే పనైపోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. అవుతుంది. ఏదో రోజు గేరులో ఉన్న బండికి పిల్లాడు తాళం తిప్పితే గోడలోకి పోతుంది. ఆ వైర్లని క్లచ్ పెడల్ మీది స్విచ్‌కి కలపండి, క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తీసుకునేలా. రివర్స్ లైటు వైర్లు కొత్త గేర్‌బాక్సు రివర్స్ స్విచ్‌కి. స్పీడు సెన్సారు ప్లగ్గు కుదురుతుందో లేదో గేర్‌బాక్సు పైకెత్తకముందే చూసుకోండి, తర్వాత చెయ్యి దూరదు. పాత ఈసీఎం ఉంచితే, లేని గేర్‌బాక్సు కోసం వెతుక్కుని ఇంజిన్ లైటు వెలిగిస్తుంది.

రేడియేటరుకి ఆటోమేటిక్ ఆయిలు చల్లార్చే రెండు పైపులుంటాయి, వాటి మూతులు గట్టిగా మూసెయ్యండి. గేర్ ఆయిలు ఆ గేర్‌బాక్సుకి చెప్పిన గ్రేడే పొయ్యండి. చిన్న కార్లకి రెండు లీటర్లు అటూఇటూ పడుతుంది.

హ్యాండ్ బ్రేక్ ఎవరికీ గుర్తుండదు. ఆటోమేటిక్ నడిపేవాళ్లు పి లో పెట్టి దిగిపోతారు కాబట్టి దాని కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. ఇప్పుడు పి లేదు. మేష్టారి కూతురు సఖినేటిపల్లిలో ఉంటుంది, ఆయన నెలకోసారి నరసాపురంలో గోదారి దాటించే పంటు ఎక్కిస్తారు కారుని. పంటు మీద హ్యాండ్ బ్రేక్ పట్టకపోతే ఏమవుతుందో ఆయనకి వివరంగా చెప్పి మరీ కొత్త కేబుల్ వేశాను.

మన డెల్టాలో ఎత్తు కావాలంటే వంతెన ఎక్కాల్సిందే. చించినాడ వంతెన మొదట్లో బండి ఆపి, హాఫ్ క్లచ్ మీద వెనక్కి జారకుండా లేపి చూశాను. బాగా లేచింది. నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగి బండి పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. అదీ లేదు. సామానూ కూలీ కలిపి యాభై నాలుగు వేలైంది.

సాయంత్రం కారు ఇచ్చేశాను. తొమ్మిదింటికి ఫోను. "ఏవయ్యా, బండి ఆగింది గానీ తాళం బయటికి రావట్లేదు."

పి లో ఉంటేనే తాళం రావాలని ఆటోమేటిక్ గేరు రాడ్డు నుంచి ఇగ్నిషన్ లాకుకి సన్నటి కేబుల్ ఒకటి ఉంటుంది. బండిని షెడ్డులోకి తోసుకురావడానికి రాడ్డు ఎన్ లో పెట్టాం, అలాగే విప్పేశాం. కేబుల్ అక్కడే ఉండిపోయింది. పొద్దుట్నుంచీ బండి నాచేతిలోనే ఉంది, తాళం దాంట్లోనే వదిలేస్తున్నాను కాబట్టి తెలియలేదు. మోటర్‌సైకిలేసుకుని వెళ్లి, స్టీరింగు కింది కవరు విప్పి, కేబుల్ కొసని వెనక్కి నొక్కగానే తాళం చేతిలోకి వచ్చింది. కేబుల్ లాకు నుంచి పూర్తిగా తీసేసి జేబులో వేసుకున్నాను. మీరు విప్పేటప్పుడు రాడ్డు పి లోకి తెచ్చి విప్పండి.