దుకాణాల వైరింగులో న్యూట్రల్‌ను కలపకండి

చిన్న దుకాణ సముదాయాలకు వైరింగ్ నేర్చుకుంటున్నవారు ఫేజు తీగ విషయంలో చూపే శ్రద్ధ, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ విషయంలో చూపరు. పని అప్పగించాక వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయని నా అనుభవం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) తన గుండా వెళ్లే ఫేజు, న్యూట్రల్ కరెంట్ల తేడానే గమనిస్తుంది కాబట్టి, దగ్గరగా ఉంది కదా అని జంక్షన్ బాక్సులో వేరే ఆర్‌సీసీబీ కింద ఉన్న పక్క సర్క్యూట్ న్యూట్రల్‌ను కలిపితే, తీగల్లో ఎక్కడా లీకేజీ లేకపోయినా లోడు వేయగానే అది ట్రిప్ అవుతుంది. అందుచేత డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఒక్కో ఆర్‌సీసీబీకి విడిగా న్యూట్రల్ లింకు (న్యూట్రల్ తీగలను బిగించే లోహపు పట్టీ) పెట్టి, ప్రతి న్యూట్రల్ తీగకూ రెండు చివర్లలో సర్క్యూట్ నంబరు వేయండి.

ఫాల్స్ సీలింగ్ మూయకముందే సరఫరా ఆపి, ఎల్ఈడీ డ్రైవర్లను, సర్జ్ ప్రొటెక్షన్ పరికరాన్ని విడదీసి, ఇన్సులేషన్ నిరోధం కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో తీగలను పరీక్షించండి. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. చాలామంది ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిచి ఆపేస్తారు. న్యూట్రల్‌ను లింకు నుంచి తప్పించి ఎర్తుతో కొలవడం, ఆపై రెండు సర్క్యూట్ల న్యూట్రళ్ల మధ్య కూడా కొలవడం తప్పనిసరి, ఎందుకంటే ఎక్కడో కలిసిపోయిన తీగ ఉంటే అక్కడే రీడింగు సున్నాకు పడిపోతుంది.